చిన్న వ్యాపారానికి మంచి ప్రకటన రాసుకోవడం ఎలా: బెంగళూరులోని తెలుగు యజమానులకు సమగ్ర మార్గదర్శి

మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, కె.ఆర్. పురం, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో తెలుగువారు నడిపే పీజీ హాస్టళ్ళు, మెస్సులు, కర్రీ పాయింట్లు, సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థలు, ఇళ్ళ స్థలాల వ్యాపారాలు కోకొల్లలు. వాటి ప్రకటనలు మాత్రం ఒకదాని పేరు చెరిపి మరొకదాని పేరు పెట్టినా తేడా తెలియనంతగా ఒకే అచ్చులో ఉంటాయి. ప్రకటనలు స్వయంగా రాసుకునేవారి కోసం, డీటీపీ సెంటరులో కూర్చుని రాయించుకునేవారి కోసం ఈ మార్గదర్శిని సిద్ధం చేశాను. ఇందులో మంచిచెడ్డలను తూచే కొలమానం ఒక్కటే. ప్రకటన చూసి బయలుదేరిన మనిషికి అది ముందే తగినంత సమాచారం ఇచ్చిందా, అతను మీ గుమ్మం దగ్గరికి వచ్చాక అందులో చెప్పినదే కనిపించిందా అన్నదే ఆ కొలమానం. బొమ్మ బాగుందా, బంధువులు మెచ్చుకున్నారా అనేవి ఆ తరువాతి సంగతులు.

మొదటి అడుగు: ఎవరు చూడాలి, చూసి ఏం చేయాలి

రాయడానికి ముందు ఈ రెండింటినీ కాగితం మీద తేల్చుకోవాలి. "అందరూ చూడాలి, మన పేరు నలుగురికీ తెలియాలి" అనే జవాబు వచ్చిందంటే ఆలోచన ఇంకా మొదలు కాలేదని అర్థం. మొదటి ఉద్యోగంలో చేరడానికి కడప నుంచి వచ్చిన కుర్రాడు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే భార్యాభర్తలు, గంటలోపు భోజనం ముగించుకుని తిరిగి సీటులో కూర్చోవలసిన ఉద్యోగి, ఈ ముగ్గురూ ఆంధ్రా భోజనం కోరుకునేవారే అయినా ముగ్గురికీ తెలియవలసినది వేరు వేరు. కుర్రాడికి నెలవారీ మెస్సు ఖర్చు తెలియాలి. భార్యాభర్తలకు రాత్రి ఎనిమిదింటికి కూరలు మిగిలి ఉంటాయో లేదో తెలియాలి. ఉద్యోగికి కావలసిందల్లా మధ్యాహ్నం ఒంటిగంటకు కూర్చోవడానికి చోటు దొరుకుతుందన్న భరోసా. ఒకే కరపత్రంలో ముగ్గురినీ పిలవబోతే ఎవరికీ పూర్తి సమాచారం అందదు.

చూసినవారు చేయవలసిన పని కూడా ఒకటే ఉండాలి. నాలుగు ఫోన్ నంబర్లు, వెబ్‌సైటు, ఇన్‌స్టాగ్రామ్ పేరు, క్యూఆర్ కోడ్, "వెంటనే సందర్శించండి" అన్నీ ఒకే చోట కుక్కితే చూసినవాడు ఏదీ చేయడు. వాట్సాప్ మెసేజ్ కావాలనుకుంటే ఆ ఒక్క నంబరే పెద్దగా వేయండి.

రెండవ అడుగు: జనం అడిగే ప్రశ్నలను పోగుచేయడం

ప్రకటనకు సరుకు మీ బుర్రలో కంటే మీ ఫోనులోనే ఎక్కువ దొరుకుతుంది. కొన్నాళ్ళపాటు కౌంటరు దగ్గర ఒక నోటుబుక్కు ఉంచి, ఫోన్ చేసినవారు మొట్టమొదట ఏం అడిగారో, ఏ జవాబు విన్నాక "సరే, మళ్ళీ చేస్తాను" అని పెట్టేశారో రాయించండి. గూగుల్‌లో మీకు ఒక్క నక్షత్రం ఇచ్చినవారి మాటలను కూడా కోపం పక్కన పెట్టి చదవండి. "ఫోటోలో చూపించిన గది వేరు, ఇచ్చిన గది వేరు" అని ఒకరు రాశారంటే మీ పాత ప్రకటనలోని లోపాన్ని వారు ఉచితంగా చెప్పినట్టే.

తరువాత ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు మీరు చెప్పదలచినవి, కుడివైపు వాటికి రుజువులు రాయండి. "రుచికరమైన భోజనం" ఎదురుగా రాయడానికి ఏమీ ఉండదు. "ఉదయం ఆరున్నరకే టిఫిన్" ఎదురుగా వంటమనిషి పొయ్యి వెలిగించే సమయం ఉంటుంది. కుడివైపు ఖాళీగా మిగిలిన మాటలన్నీ కొట్టివేయవలసినవే. మొదటిసారి ఈ పని చేసిన యజమాని చేతిలో ఐదారు మాటలకు మించి మిగలవు. అందుకు బాధపడనవసరం లేదు, కరపత్రానికి అవి చాలు.

మూడవ అడుగు: ముందు నిలిచే ఒక్క మాటను ఎంచుకోవడం

మిగిలిన వాటిలో ఒకటి అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఉండాలి. కొనేవాడి మనసులోని అసలు అడ్డంకిని తాకే మాటనే దానికి ఎంచుకోవాలి.

దీనికి పాత ఉదాహరణే ఇప్పటికీ మేలైనది. తక్కువ ధరతో వచ్చిన నిర్మా పొడి సర్ఫ్ అమ్మకాలను దెబ్బతీసినప్పుడు, ప్రకటనల రంగ ప్రముఖుడు అలీక్ పదంసీ రూపొందించిన లలితాజీ ప్రకటనలు 1980లలో టీవీలో వచ్చాయి. ధర ఎక్కువన్న సంగతిని అవి దాచిపెట్టలేదు. కూరగాయలు బేరమాడి కొనే గృహిణి లలితాజీ చేతనే, చవక సరుకు వేరు, మంచి సరుకు వేరు అనిపించి, అరకిలో సర్ఫ్ కిలో మామూలు పొడితో సమానమనే లెక్క చెప్పించారు. జనం ఏ కారణంతో కొనడం మానేస్తున్నారో ఆ కారణాన్నే ప్రకటనకు విషయంగా చేశారు. మీ మెస్సులో భోజనం పక్క మెస్సు కంటే ఇరవై రూపాయలు ఎక్కువైతే ఆ ఇరవై ఎందుకో చెప్పండి. "అందుబాటు ధరలు" అని రాసి తప్పించుకోకండి.

మన ఊరి ఉదాహరణ 2021 ఏప్రిల్‌లో వచ్చిన, క్రెడిట్ కార్డు బిల్లులు కట్టే యాప్ క్రెడ్ ప్రకటన. శాంతానికి మారుపేరైన రాహుల్ ద్రవిడ్ బెంగళూరు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కారులోంచి పైకి లేచి, ఇందిరానగర్ గూండాను నేనే అని అరుస్తాడు. దాన్ని హాస్యంగా గుర్తుపెట్టుకున్నవారే ఎక్కువ గానీ, దాని కూర్పు వెనుక ఆలోచన వేరే ఉంది. క్రెడిట్ కార్డు బిల్లు కడితే బహుమతులు వస్తాయంటే ఎవరూ నమ్మరు కాబట్టి, అది ద్రవిడ్‌కు కోపం ఎక్కువ అన్నంత విడ్డూరమైన మాటేనని కంపెనీ తానే ముందుగా ఒప్పుకుంది. ఆ నవ్వు పుట్టిందే అమ్మే విషయం లోంచి. దీన్ని అనుకరించిన చిన్న ప్రకటనలు చాలావరకు తేలిపోవడానికి కారణం కూడా అదే. వాటిలో హాస్యం ఒక దారిన, సరుకు మరొక దారిన పోతాయి. నవ్వించడం మీకు చేతకాకపోతే నవ్వించవద్దు, మెస్సుకు వచ్చేవాడు ఆకలితో వస్తాడు.

నాలుగవ అడుగు: రాయడం, కొట్టివేయడం, తిరిగి రాయడం

ఇక్కడ ఒక నమూనా తీసుకుని మాట మాటా చూద్దాం. మారతహళ్లి చుట్టుపక్కల స్తంభాల మీద, గోడల మీద కనిపించే పీజీ కాగితాల బాణీలో ఒకటి కల్పించి రాస్తున్నాను.

"శుభవార్త! శుభవార్త!! బెంగళూరులో నంబర్ 1 లగ్జరీ పీజీ. ఇంటి వాతావరణం, రుచికరమైన ఆంధ్రా భోజనం, హై స్పీడ్ వైఫై, 24 గంటలూ వేడినీళ్ళు, సీసీ కెమెరాలు. రూ. 5,000 నుంచి ప్రారంభం.* కొన్ని గదులు మాత్రమే ఉన్నాయి, త్వరపడండి!"

"శుభవార్త" ఎవరికి శుభమో చెప్పదు. "నంబర్ 1" అని ఎవరు లెక్కించారని అడిగితే జవాబు లేదు. "ఇంటి వాతావరణం" అనే మాటను ఇల్లు వదిలి వచ్చిన కుర్రాడు నమ్మడు, అతని తల్లి అసలే నమ్మదు. వైఫై, వేడినీళ్ళు, కెమెరాలు ప్రతి పీజీ కాగితం మీదా ఉంటాయి కాబట్టి ఎంచుకోవడానికి పనికిరావు. అన్నిటికంటే పెద్ద దోషం "5,000 నుంచి ప్రారంభం". ఆ ధర ఐదుగురు పడుకునే గదిలో ఒక్క మంచానిదై ఉంటుంది, ఆ మంచం కూడా ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చినవాడికి తొమ్మిది వేల గది చూపిస్తే, వేరే దారిలేక ఆ నెలకు చేరతాడేమో గానీ, మరుసటి నెలే నోటీసు ఇచ్చి, వెళ్ళేటప్పుడు తన ఆఫీసు గ్రూపులో నాలుగు మాటలు రాసి మరీ వెళ్తాడు.

అతని స్థానంలో నిలబడి చూస్తే తెలియవలసినవి వేరే ఉన్నాయి. నెలకు మొత్తం ఎంత? అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ పేరుతో అందులో ఎంత కోత పెడతారు? బస్టాపు ఎంత దూరం? చికెన్ ఏ రోజుల్లో పెడతారు? 2024 మార్చిలో నగరమంతా నీటి ఎద్దడితో అల్లాడింది కాబట్టి, ఎండాకాలంలో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? ఈ ప్రశ్నలకు వరుసగా జవాబులు రాస్తే ప్రకటన దానంతట అదే తయారవుతుంది. కింది అంకెలు నమూనా కోసం వేసినవే.

"అబ్బాయిల పీజీ. మారతహళ్లి బ్రిడ్జి నుంచి నడిస్తే 8 నిమిషాలు. ఇద్దరి గదిలో ఒక్కొక్కరికి నెలకు 9,500, ముగ్గురి గదిలో 8,000. మూడు పూటల తిండి, కరెంటు, వైఫై అందులోనే. అడ్వాన్సు 5,000, ఖాళీ చేసేటప్పుడు 1,500 మినహాయించి మిగతాది అదే రోజు ఇస్తాం, నెల ముందు చెప్పాలి. రోజూ పప్పు, పెరుగు. బుధవారం, ఆదివారం చికెన్. బోరు నీళ్ళు, తగ్గితే ట్యాంకరు తెప్పిస్తాం. గది చూడటానికి ఉదయం 10 నుంచి రాత్రి 8 లోపు రండి."

ఇందులో ఒక్క పొగడ్త కూడా లేదు. పైగా 1,500 కోత అనే చేదు మాట కూడా ఉంది. దాన్ని తీసేయమని చాలామంది యజమానులు పట్టుబడతారు. నా అభిప్రాయంలో ఆ కాగితం మొత్తానికి నమ్మకం తెచ్చే వాక్యం అదే. కోత సంగతి ముందే చెప్పినవాడు చికెన్ సంగతిలో అబద్ధం చెప్పడని చదివేవాడు అనుకుంటాడు, ఖాళీ చేసే రోజు గొడవ కూడా తప్పుతుంది.

స్థలాల వ్యాపారులకూ ఇదే పద్ధతి. దేవనహళ్లి వైపు వేసే వెంచర్ల ప్రకటనల్లో "ఎయిర్‌పోర్టుకు 15 నిమిషాలు" అని ఉంటుంది. ఏ వేళ, ఏ వాహనంలో అన్నది ఉండదు. అర్ధరాత్రి పట్టే సమయం, సాయంత్రం ఆరింటికి పట్టే సమయం ఒకటి కావని బెంగళూరులో పసిపిల్లవాడికీ తెలుసు. కిలోమీటర్లలో రాయండి, ఏ గేటు నుంచి ఏ గేటుకో రాయండి.

రాసినది పూర్తయ్యాక వ్యాపారంతో సంబంధం లేని ఒకరికి ఇచ్చి, ఒకసారి చదవగానే తీసేసుకుని, ఏం గుర్తుందో అడగండి. మీరు పైన పెట్టిన మాట వారి నోటి వెంట రాకపోతే మూడవ అడుగుకు తిరిగి వెళ్ళాలి.

ఐదవ అడుగు: భాష, అక్షరం, గోడ

దుకాణం బోర్డు విషయంలో కర్ణాటక చట్టం స్పష్టంగా ఉంది. 2024లో చేసిన సవరణ ప్రకారం వ్యాపార సంస్థల నామఫలకాల్లో 60 శాతం కన్నడం ఉండాలి, అది బోర్డు పైభాగంలో ఉండాలి. తెలుగు కింద పెట్టుకోవచ్చు. దీన్ని కేవలం జరిమానా భయంతో చేసే పనిగా చూడకండి, ఆంధ్రా భోజనానికి వచ్చేవారిలో కన్నడిగులు తక్కువేమీ కాదు. ఫోనులో అనువాదం చేయించి అదే బోర్డుకు ఎక్కించకుండా, కన్నడం బాగా తెలిసినవారి చేత రాయించి మరొకరి చేత చదివించండి. తప్పుల కన్నడం బోర్డు మీద ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది.

అక్షరాల పరిమాణానికి బోర్డులు చేసేవారు పాటించే లెక్క ఒకటుంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం ఉండాలి. అరవై అడుగుల అవతల ఉన్న ఫుట్‌పాత్ నుంచి చదవాలంటే ఆరు అంగుళాలన్నమాట. తెలుగు, కన్నడ లిపుల్లో ఒత్తులు, గుణింతాలు ఉంటాయి కాబట్టి ఇంకొంచెం పెంచడం మంచిది. బైకు మీద పోయేవాడు ఆరేడు మాటలకు మించి చదవలేడు. ట్రాఫిక్ కదలని సిల్క్ బోర్డు కూడలి దగ్గర మాత్రం ఎన్ని మాటలైనా చదువుతాడు, కానీ అక్కడ అతని మనసు భోజనం మీద ఉండదు.

కరెంటు స్తంభాలకు, ఫ్లైఓవర్ గోడలకు కాగితాలు అంటించడం, అనుమతి లేకుండా ఫ్లెక్సీలు కట్టడం 1981 నాటి కర్ణాటక బహిరంగ స్థలాల వికృతీకరణ నిరోధక చట్టం కింద నేరం. 2018 ఆగస్టులో హైకోర్టు గట్టిగా పట్టుకున్నప్పుడు నగరపాలక సంస్థ సిబ్బంది ఊరంతా తిరిగి ఫ్లెక్సీలు తొలగించారు. స్తంభం మీద నంబరు రాసి ఉందంటే ఎవరు అంటించారో వెతకవలసిన పని కూడా ఉండదు. మీ గోడ, మీ గేటు, అపార్ట్‌మెంటు వారి అనుమతితో వారి నోటీసు బోర్డు, పేపరు మధ్యలో పెట్టే పాంప్లెట్, గూగుల్ మ్యాప్స్‌లో మీ పేజీ, ఇవన్నీ ఉండగా స్తంభం జోలికి పోవడం ఎందుకు?

ఆరవ అడుగు: అచ్చుకు ఇచ్చే ముందు చట్టంతో సరిచూసుకోవడం

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల్లో చిన్న వ్యాపారికి ముఖ్యమైనవి ఇవి. అందించే అవకాశమే లేని ధరను ఎరగా చూపకూడదు, అంటే నిండిపోయిన ఐదువేల మంచాన్ని ప్రకటించకూడదు. సరుకు తెచ్చుకోవడానికో, పంపడానికో తప్పనిసరిగా అయ్యే ఖర్చు మినహా మరేదైనా డబ్బు తీసుకుంటూ "ఉచితం" అనకూడదు. నక్షత్రం గుర్తు పెట్టి కింద రాసే షరతు, పైన చెప్పిన మాటను తలకిందులు చేయకూడదు. అది పై మాట ఉన్న భాషలోనే, అదే అక్షరాల శైలిలో ఉండాలి. పైన తెలుగులో "సగం ధరకే" అని, కింద చీమ తలకాయంత ఇంగ్లీషులో షరతులు వేసే అలవాటు ఇక్కడే దొరికిపోతుంది.

వ్యాపారాన్ని బట్టి మరికొన్ని నియమాలున్నాయి. స్థలాలు, ఫ్లాట్లు అమ్మేవారు స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కిందికి వచ్చే ప్రాజెక్టు ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా వేయాలి. ప్రకటనలోని అబద్ధాన్ని నమ్మి డబ్బు కట్టినవారికి నష్టపరిహారం అడిగే హక్కు అదే చట్టం ఇస్తుంది. ఆయుర్వేద మందులవారు, సన్నబడే కేంద్రాలవారు 1954 నాటి మందులు, అద్భుత చికిత్సల చట్టాన్ని చూసుకోవాలి. షుగరు, ఊబకాయం వంటి జబ్బులను మందుతో నయం చేస్తామనే ప్రకటనను అది నిషేధించింది. శిక్షణ సంస్థల "100 శాతం జాబ్ గ్యారంటీ" కాగితాలకు 2024 నవంబరులో కోచింగ్ రంగానికి వచ్చిన మార్గదర్శకాలు సమాధానం చెప్పాయి. ఉద్యోగం ఖాయమనే అబద్ధపు హామీలు ఇవ్వకూడదు. గెలిచిన విద్యార్థి ఫోటో వేయాలంటే, ఎంపికయ్యాక అతని దగ్గర రాతపూర్వకమైన అంగీకారం తీసుకోవాలి, అతను ఏ కోర్సు చదివాడో చెప్పాలి.

చట్టానికి చిక్కకపోయినా చెడ్డవైన ప్రకటనలు కొన్ని ఉంటాయి. చూసేవారిని కించపరచి అమ్మేవి వాటిలో మొదటివి. నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదని, సంబంధం కుదరదని చూపించే ప్రకటనలు దశాబ్దాలపాటు నడిచాయి. ప్రకటనల రంగం 1985లో తనకు తాను ఏర్పాటు చేసుకున్న నియంత్రణ సంస్థ ఆస్కీ 2014లో వాటి మీద ప్రత్యేక నియమాలు పెట్టింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి "ఫెయిర్" తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. పెళ్ళి సంబంధాలు, బ్యూటీ పార్లర్లు, ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే తరగతులు నడిపేవారు తమ కాగితాలను ఈ కోణంలో ఒకసారి చూసుకోవాలి. "ఇంగ్లీషు రాక నలుగురిలో సిగ్గుపడుతున్నారా?" అన్న శీర్షిక అదే కుటుంబానికి చెందినది.

ఏడవ అడుగు: రీల్స్, ఫుడ్ వ్లాగర్లు

డబ్బు ఇచ్చిగానీ, ఉచిత భోజనం పెట్టిగానీ వీడియో చేయిస్తే, అది ప్రకటన అని వీడియోలోనే స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం చెప్పింది. ఈ బాధ్యత వ్లాగర్‌దేనని వదిలేయకండి. అతనికి మీరు అప్పగించవలసిన కాగితం నాలుగు వాక్యాలకు మించనవసరం లేదు: ధరలు, వేళలు, చిరునామా, అతిశయోక్తులు వద్దన్న మాట. "ఇలాంటి బిర్యానీ జన్మలో తినలేదు" అని అతను అన్న శనివారం సాయంత్రం మీ వంటగది మామూలు రోజుకు మూడింతల జనాన్ని తట్టుకోవాలి. బియ్యం, మనుషులు, కుర్చీలు సిద్ధం కాకముందు వీడియో విడుదల చేయిస్తే, ఖర్చు పెట్టి మరీ చెడ్డపేరు కొనుక్కున్నట్టే.

ఎనిమిదవ అడుగు: కొలవడం

ప్రతి దారికీ వేరు గుర్తు పెట్టండి. పాంప్లెట్ మీద ఒక నంబరు, గూగుల్ పేజీలో మరొకటి, అపార్ట్‌మెంటు బోర్డు మీద వేరే క్యూఆర్ కోడ్ ఉంటే ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలుస్తుంది. అది కుదరకపోతే చేరేటప్పుడు "ఎక్కడ చూశారండీ?" అని అడిగి రిజిస్టరులో రాయించండి.

ఫోన్లు ఎన్ని వచ్చాయన్న లెక్కతో సంతోషపడకండి. 6,000 రూపాయల పాంప్లెట్లకు నలభై ఫోన్లు వచ్చి ఆరుగురు చేరారనుకుందాం. ఒక్కొక్కరికి వెయ్యి రూపాయలు పడింది. ఆ ఆరుగురిలో మూడు నెలల తరువాత ఎంతమంది ఉన్నారన్నది అసలు లెక్క. ఐదుగురు ఉంటే ఆ ప్రకటన చెప్పినది, మీరు ఇచ్చినది ఒకటేనని తేలినట్టు. ఇద్దరే మిగిలితే ప్రకటనలో ఏదో ఒక వాక్యం అబద్ధమో, అర్ధసత్యమో అయి ఉంటుంది. వెళ్ళిపోయిన నలుగురికీ ఫోన్ చేస్తే ఏ వాక్యమో చెబుతారు. మార్చేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. శీర్షిక, ధర, ఫోటో మూడూ ఒకేసారి మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో అంతుచిక్కదు.

తొమ్మిదవ అడుగు: పాతవాటిని తీసివేయడం

ధర పెరిగిన రోజునే గేటు మీది బోర్డు, గూగుల్ పేజీలోని మెనూ ఫోటో, వాట్సాప్ బిజినెస్ కేటలాగు, బల్ల మీద మిగిలిపోయిన పాంప్లెట్ల కట్ట అన్నీ మారాలి. వీటి జాబితా ఒకటి రాసి కౌంటరు వెనుక అంటించండి. పండుగ ఆఫరు బోర్డు మీద ముగింపు తేదీ వేయండి, ఆ తేదీ రాత్రే దించండి. ఆయుధపూజ డిస్కౌంటు ఫ్లెక్సీ సంక్రాంతికి కూడా వేలాడుతూ ఉంటే, దాన్ని చూసి లోపలికి వచ్చినవాడికి ఆ ధర ఇవ్వడమో, ఎందుకు ఇవ్వలేరో నిలబెట్టి చెప్పడమో మీకు తప్పదు. వినకపోతే అతను ఫిర్యాదు చేయడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ఉండనే ఉంది.